ముడి మీద వేలు

జూన్ 14, 2005

పొల్లాచ్చి నుంచి లారీ వచ్చింది. నారు ట్రేల కోసం కొబ్బరి పొట్టు ఇటుకలు దింపించాను. కూలీలు గోడకు ఆనించి పేర్చి పోయారు. నాగవేణి అయితే గోడకు జానెడు వదిలి పేర్పించేది, చెద పట్టకుండా. వాళ్లు పోయాక గుర్తొచ్చింది. అలాగే వదిలేశాను.

డైరీ మళ్లీ ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. నంద్యాలలో విత్తనాల కంపెనీలో పనిచేసే రోజుల్లో రాసేవాణ్ణి. ఉద్యోగం మానేసి ఇక్కడ ఆళ్లగడ్డ రోడ్డు పక్కన షేడ్‌నెట్ వేసి నర్సరీ పెట్టాక రాయడానికి ఏమీ మిగిలేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఉన్నదంతా ఆమెతో మాట్లాడేసేవాణ్ణి.

జూన్ 16

తిరుపాలమ్మ పనికి వచ్చింది. వాకిట్లో చెప్పులు విడిచి, అలవాటు కొద్దీ వంటింటి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "తొట్టి కడగనా సార్?" అంది. కడగమన్నాను.

ఇటుకలు నీళ్లలో వేశాం. సాయంత్రానికి ఉబ్బి తొట్టి నిండింది. పైన నురగ, కింద ఎర్రటి నీళ్లు. తడిసిన గోనెసంచి వాసన, అందులో కొంచెం సముద్రం. నాగవేణికి ఈ వాసన ఇష్టం. గుప్పెడు పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. "సముద్రం చూపిస్తానని చూపియ్యకపోతివి, ఇదన్న చూసుకుంటా," అనేది.

చూపించలేదు.

జూన్ 19

కడగడం అయింది. నీళ్లు తేటగా దిగుతున్నాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పు తగలడం లేదు.

జూన్ 21

స్టోరు గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చాను.

జూన్ 22

కడిగితే చాలదని నాకు తెలుసు. తిరుపతిలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాణ్ణి. కొబ్బరి పొట్టు ఉప్పును లోపల పట్టుకుని ఉంటుంది. నీళ్లతో పైపైది పోతుంది. సోడియం, పొటాషియం పీచుకు అతుక్కునే ఉంటాయి. వాటిని దించాలంటే క్యాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి, మళ్లీ కడగాలి. అలా చేయకుండా నారు పోస్తే, మొక్కకు అందాల్సిన క్యాల్షియాన్ని పొట్టే పీల్చుకుంటుంది. మెగ్నీషియం కూడా అంతే. కొత్తాకు వంకర పోతుంది. కొస మాడుతుంది. వేరు పొట్టిగా ఉండిపోతుంది. మన కాలువ నీళ్లు మెత్తనివి, వాటి నుంచి వచ్చే క్యాల్షియమూ తక్కువే.

నర్సరీ పెట్టిన మొదటి ఏడు ఇదంతా నాగవేణికి బండ మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. అంతా విని, "అంటే ముందు పొట్టుకు కడుపు నింపల్ల. లేకుంటే అది పిల్లల నోటికాడి కూడు లాక్కుంటది. అంతే గదా? దీనికి ఇంత గీకల్లనా?" అంది.

అప్పటి నుంచి నానబెట్టడం ఆమె పని. నేను కొలత చెప్పడం కూడా మానేశాను.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నాను? తెలుసు అని రాసుకోవడానికి కాబోలు.

జూన్ 23

ఇది అక్కడే ఒకసారి కడిగి ఆరబెట్టిన సరుకని లారీ డ్రైవరు చెప్పాడు. మంచి రకం. మనం కూడా బాగా కడిగాం. ఈసారి నానబెట్టకపోయినా ఫర్వాలేదు.

జూన్ 26

నంద్యాల వెళ్లాను. మందుల షాపులో క్యాల్షియం నైట్రేట్ ఉంది. అడిగాను కూడా. ఇంట్లో మూట ఉండగా ఇంకొకటి ఎందుకని కొనలేదు.

మూట ఇంట్లో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఆ ఆసుపత్రి ముందు నుంచే వచ్చింది. ముందే చూసుకుని రెండో వైపు కూర్చున్నాను.

జూలై 2

మిరప పోశాం. ట్రేలు నింపడం, గుంత చేయడం, గింజ వేయడం, అంతా తిరుపాలమ్మ, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లు. తిరుపాలమ్మది వేగమైన చెయ్యి. ఊళ్లో నాట్లకు ఆమెనే ముందు పెట్టుకుంటారు. ఆమె మొదట దిగితే గానీ మిగతా వాళ్లు కయ్యలోకి దిగరు.

"అమ్మ ఉంటే ఈ పొద్దు పాశెం చేసిండేది సార్," అంది పని అయ్యాక.

అందరికీ హోటల్ నుంచి మైసూరు బజ్జీ తెప్పించాను. తిన్నారు.

ఈసారి పొట్టును తెల్లమందు నీళ్లలో నానబెట్టలేదేమని ఎవరూ అడగలేదు. నేను చదువుకున్నవాణ్ణి కదా.

జూలై 11

మొలక బాగుంది. ట్రేల నిండా పచ్చగా. నానబెట్టకపోతే ఏమైంది?

జూలై 12

ఏమీ కాలేదు.

జూలై 27

లోపలి వరసల్లో కొత్తాకులు చిన్నగా వస్తున్నాయి. గరిటెలా వంగి ఉన్నాయి. ఎండ ఎక్కువగా ఉంది.

జూలై 30

తామర పురుగు కావచ్చు. మందు కొట్టించాను.

ఆగస్టు 3

భూతద్దం పెట్టి చూశాను. పురుగు లేదు.

ఆగస్టు 4

క్యాల్షియం నైట్రేట్ పల్చగా కలిపి ఆకుల మీద పిచికారీ చేసినా కొంత కోలుకుంటాయి. దానికీ ఆ మూటే విప్పాలి.

కొనవచ్చు.

ఆగస్టు 5

మబ్బు పట్టింది. నీళ్లు తక్కువ పెట్టించాను.

ఆగస్టు 9

ఉయ్యాలవాడ సంజీవయ్య ట్రాక్టరు వేసుకుని వచ్చాడు, భార్య రామసుబ్బమ్మతో. ఈ నర్సరీలో మొదట నారు కొన్న రైతు ఆయనే. ఆ ఊరివాళ్లందరికీ నారు ఆయన మాట మీదే పోతుంది.

ప్రతి ఏడూ మొదటి ట్రే నాగవేణి చేతి మీదుగా ఇవ్వాలి. ట్రే అంచుకు పసుపు, కుంకుమ పెట్టి రామసుబ్బమ్మ చేతుల్లో పెట్టేది. నాగవేణి చెయ్యి మంచిదని పేరు. ఒక ఏడు ఆమె పుట్టింటికి పోయి ఉంటే, నారు ముదురుతున్నా సంజీవయ్య ఆమె వచ్చేదాకా ఆగాడు.

ఈ రోజు అందరం నిలబడ్డాం. ట్రే బల్ల మీద ఉంది. ఎవరూ తీయలేదు. రామసుబ్బమ్మ కొంగు కళ్లకు అద్దుకుని, "వదినె లేని ఇల్లు సూడలేకపోతాండాన్నా," అంది.

నేను తీసి ఇవ్వాల్సింది. ఆ ఆకులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చెయ్యి పోలేదు.

"తిరుపాలమ్మా, నువ్వియ్యి," అన్నాను.

ఆమె వెనక్కి జరిగింది. "నేనా? వద్దు సార్."

"ఏం?"

"ఏమంటే ఏం చెప్పల్ల. మొగుడు లేనిదాన్ని. వాళ్లు శుభమా అని నారు తీస్కపోతాంటే మద్దెన నా చెయ్యెందుకు?"

"అవన్నీ నమ్మకాలు. ఇయ్యి."

సంజీవయ్య చెప్పు కొసతో మట్టి గీశాడు. "పోనీలేన్నా. నువ్వే ఇయ్యరాదా?"

"ఆమే పోసింది, ఆమే నీళ్లు పెట్టి పెంచింది. ఆమే ఇస్తుంది," అన్నాను. కొంచెం గట్టిగా అన్నట్టున్నాను. తిరుపాలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ట్రే తీసింది. రామసుబ్బమ్మ చేతులు చాచే ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తీసుకుంది.

నాగవేణి ఉంటే సంతోషించేది. ఈ రోజు ఒక మంచి పని చేశాను.

ఆగస్టు 10

మంచి పనే.

ఆగస్టు 24

బండి ఆత్మకూరు వాళ్లు వచ్చి మిగిలిన నారు చూశారు. మళ్లీ వస్తామని పోయారు. వాళ్లు రారు.

సెప్టెంబరు 2

సంజీవయ్య బస్సులో వచ్చాడు. చేతిసంచిలోంచి మొక్కలు తీసి బల్ల మీద పరిచాడు. వేర్లు గోధుమ రంగులో, పొట్టిగా, కొసలు నల్లబడి ఉన్నాయి. ఆయన సంచి విప్పక ముందే నాకు తెలుసు.

"మూడిట్లో ఒక పాలు సచ్చిపోయినాదన్నా. నిలబడిండేది గూడ ఎదగదు, సావదు. మందులు కొట్టి కొట్టి చెయ్యి నొస్తాంది."

"నేల ఏమన్నా..." అన్నాను.

"నేలకేమైంది? నాయన కాలం నుంచి అదే నేల. పోయినేడు గూడ నీ నారే గదన్నా అందులో పెడితి."

మాట మార్చడానికి కాఫీ తెస్తానని లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నేను నమ్మను గానీ, మా ఇంట్లోదాందొకటే పోరు. ఆ యమ్మ చెయ్యి పడింది గాబట్టే అంటాది. ఊర్లో గూడ అదే అంటాండారు. నాగవేణమ్మ చేతికీ ఆ చేతికీ పోలికా అని."

నేనేమీ అనలేదు.

చచ్చిన మొక్కల చోట పెట్టుకోవడానికి కొత్త నారు ఊరికే ఇస్తానన్నాను. "నీ తప్పేముందన్నా ఇందులో," అంటూనే ఒప్పుకున్నాడు.

పోయేటప్పుడు తొట్టి దగ్గర తిరుపాలమ్మ ట్రేలు కడుగుతోంది. వచ్చినప్పుడల్లా ఆయన, "ఏం తిరుపాలమ్మా, నీ కోడి గుడ్లు పెడతాందా, లేక నీ మాదిరే మాట్లాడ్తాందా?" అని అడిగి గానీ పోడు. ఈ రోజు పలకరించకుండా పోయాడు. ఆమె లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

సెప్టెంబరు 3

నేనేమీ అనలేదు.

సెప్టెంబరు 6

నంద్యాల దగ్గర ఇంకొక నర్సరీలో మంచి నారు చూసి కొన్నాను. వాళ్ల ట్రేల్లోంచి నా ట్రేల్లోకి మార్చి, నా నారుగానే ఉయ్యాలవాడ పంపాను. ట్రాక్టరుకు నేనే ఎత్తాను. తిరుపాలమ్మను ఆ రోజు రావద్దన్నాను. ఆమె చూస్తే ఏమనుకుంటుందోనని.

నష్టం పూడ్చినట్టే.

సెప్టెంబరు 18

సంజీవయ్య ఫోన్ చేశాడు. కొత్తగా పెట్టిన మొక్కలన్నీ నిలబడ్డాయట. ఆకు విప్పారిందట.

"మా ఇంట్లోది చెప్పిందే నిజమయ్యేటట్టుంది గదన్నా. అదే సేను, అవే నీళ్లు, నీ నారే. ఈసారి ఆ చెయ్యి తగల్లేదు. అంతే."

ఆయన గొంతులో సంతోషం ఉంది. నా కోసం కూడా సంతోషిస్తున్నాడు.

నేనేమీ అనలేదు.

సెప్టెంబరు 22

తిరుపాలమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది. కాలువ కింద వరినాట్లు నడుస్తున్నన్ని రోజులు ఆమె ఇటు రాదు.

"నాట్లకు పోలేదా?" అని అడిగాను.

"రావద్దన్యారు."

"ఎవరు?"

"ఎవురో ఒకరంటే పేరు చెప్పొచ్చు సార్. అందరూ." చేతిలోని ట్రే దులిపింది. "మొన్న మడికాడికి పోతి. దిగేటప్పుడు ఒగామె, 'తిరుపాలమ్మా, నువ్వు నారుకట్టలు మోయి, కయ్యలోకి దిగొద్దు,' అనె. సరే అని మోస్తి. మరుసటి దినం కట్టలు గూడ ముట్టొద్దనిరి."

"మిరపనారు గురించేనా?"

"అవును మరి. ఉయ్యాలవాడ మాట ఈడికి రాకుండ పోతాదా? రెండోసారి నువ్వు ఇచ్చిండే నారు నిలబడిందంట గదా." ట్రే పక్కన పెట్టింది. "నేను వద్దంటి గద సార్ ఆ పొద్దు."

కోపంగా అనలేదు. మరిచిపోయిన వస్తువు గుర్తు చేసినట్టు అంది.

ఇక్కడే రోజూ పని ఉంటుందని చెప్పాను. తల ఊపింది. ఆ మాట అంటున్నంతసేపు నేను మంచివాణ్ణనే అనిపించింది. ఆమె తొట్టి వైపు పోయాక అనిపించలేదు.

సెప్టెంబరు 23

నాగవేణి ఫోటోకు దండ మార్చాను. ఎదురుగా నిలబడలేకపోయాను.

సెప్టెంబరు 25

రాస్తాను.

క్యాల్షియం నైట్రేట్‌కు గాలి తగిలితే నీరవుతుంది. అందుకని సంచి మూతి మెలితిప్పి గట్టిగా కట్టాలి. నాగవేణి తన పాత నేతచీర అంచు చించి కట్టేది. ఆకుపచ్చ అంచు. ఫిబ్రవరిలో ఆఖరి నారుకు వాడి, అలాగే కట్టి పెట్టింది. మార్చిలో కామెర్లు. నంద్యాల తీసుకుపోయేటప్పుడు జీపులో కూడా, స్టోరుకు తాళం వేశావా అని అడిగింది. తిరిగి రాలేదు.

ఆమె మడిచినవి, కట్టినవి, మూసినవి ఇంట్లో అన్నీ విప్పేశారు. చీరలు ఆమె చెల్లెళ్లు తీసుకున్నారు. ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ మా అక్క విప్పింది. కర్మలు అయ్యేసరికి ఇల్లు ఊడ్చినట్టయింది. ఆ ముడి ఒక్కటే మిగిలింది. ఆమె వేళ్లు ఎలా తిరిగాయో అందులో అలాగే ఉంది.

దాన్ని విప్పలేకపోయాను. పక్కనుంచి సంచి కోయనూ లేకపోయాను. కొత్త మూట కొంటే, పాతది ఎందుకు దాస్తున్నానో నాకు నేనే చెప్పుకోవాలి. అందుకని కొననూ లేదు.

ఇంతే. ఇందులో ఇంకేమీ లేదు. ఒక గుడ్డపీలిక కోసం సంజీవయ్య చేను పోయింది. తిరుపాలమ్మ కయ్యలోకి దిగకూడదట.

దుఃఖం అని రాయబోయాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. జూన్‌లో అయితే దుఃఖమే అనుకుందాం. ఆగస్టులో ట్రే ఆమె చేత ఇప్పించింది దుఃఖం కాదు. ఆ నారు నా చేతి మీదుగా పోకూడదనుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పైగా అది మంచి పని అని ఈ డైరీలోనే రాసుకున్నాను.

సెప్టెంబరు 26

రేపు ఉయ్యాలవాడ పోతాను.

సెప్టెంబరు 27

వాన. పోలేదు.

సెప్టెంబరు 29

వాన లేదు.

అక్టోబరు 1

పోయాను.

సంజీవయ్య కొట్టం ముందు మంచం వాల్చాడు. నేను వచ్చానని ఊళ్లో నారు తీసుకున్న మిగతా రైతులు కూడా వచ్చి కూర్చున్నారు. మంచిదే, అందరికీ ఒకేసారి చెప్పవచ్చు అనుకున్నాను.

చెప్పాను. పొట్టు నానబెట్టలేదని, అందుకే నారు చెడిందని, రెండోసారి పంపింది నా నారే కాదని. తెలిసే ఇచ్చానని కూడా చెప్పాను. తెలిసే అన్న మాట దగ్గర గొంతు తగ్గిందేమో.

సంజీవయ్య నవ్వాడు.

"శేషయ్యన్నా, నీ మనసు మాకు తెలీదా? ఆ యమ్మకు కూలి ల్యాకుండ పోయిందని తప్పు నీ మీద ఏస్కుంటాండావు."

"కాదు సంజీవయ్యా. నిజంగానే."

"నువ్వు బీయస్సీ సదివినోడివి. నానేసేది మర్సిపోతావా?"

"మరిచిపోలేదు."

"మరి?"

ముడి సంగతి నోటి దాకా వచ్చింది. అంతమంది మగవాళ్లు నా నోటి వైపే చూస్తున్నారు. "వీలు కాలేదు," అన్నాను.

"సూడండప్పా," అన్నాడు సంజీవయ్య వాళ్లతో. "అబద్ధం చెప్పేది గూడ రాదు ఈ మనిషికి."

అందరూ నవ్వారు, ప్రేమగా. రామసుబ్బమ్మ కాఫీ తెచ్చింది. "మా వదినె మొగుడంటే ఇట్లనే ఉంటాడు," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ కాఫీ తాగాను. బస్సు దాకా వచ్చి ఎక్కించి పోయారు. సీటు కూడా అడిగి ఇప్పించారు. పోయినప్పటి కన్నా మంచివాణ్ణయి తిరిగి వచ్చాను.

అక్టోబరు 3

తొట్టి దగ్గర తిరుపాలమ్మకు చెప్పాను. మూట, ముడి, ఉయ్యాలవాడ కాఫీ, అన్నీ. ఆమె ట్రేలు కడుగుతూనే వింది. అంతా అయ్యాక కొళాయి కట్టేసింది.

"అంటే నీకు తెల్సు."

"తెలుసు."

"ఆ పొద్దు నన్ను ఇయ్యమన్నెప్పుడు గూడ తెల్సు."

"తెలుసు."

ఆమె కొళాయి వైపే చూస్తూ ఉంది. దాని నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

"నా మొగుడు పోయినాడు. నీ పెండ్లాం పోయింది. నా చెయ్యి చెడ్డదాయె. నీ చేతిని ఎవురూ ఒక్క మాట అనల్యా. అదెట్ల సార్?"

ఉయ్యాలవాడలో ఎంత చెప్పినా నమ్మలేదన్నాను.

"నోటితో చెప్తే ఎవురు నమ్ముతారు? ఆళ్లు నారు సూసి నన్నన్యారు. నారే సూపియ్యి." లేచి చేతులు తుడుచుకుంది. "యాడుంది ఆ మూట?"

స్టోరు తెరిచాను. ఆమె మూట ముందు గొంతుక్కూర్చుని ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది అమ్మ ఒక్కతే కట్టింది కాదు సార్. ఈ సంచి మెలి తిరిగి జారిపోతాంటాది, ఒక్కరితో అయ్యే పని కాదు. 'ఏయ్, ఏలు పెట్టు,' అనె. ఈడ." చూపుడువేలు ముడి మీద పెట్టింది. "నేను ఒత్తి పట్టుకుంటే పైన ఇంకో ముడేసె. నా ఏలు ఇరుక్కుండె. లాక్కోలేక ఇద్దరం నగితిమి."

నేను అక్కడ లేను. నాకు తెలియదు.

"ఇప్పు సార్. నేను సంచి పట్టుకుంటా."

విప్పాను. గోరు విరిగింది. చాలాసేపు పట్టింది. లోపల సగం రాయి, సగం నీళ్లు. అంత గట్టిగా కట్టినా ఈ వానాకాలం లోపలికి పోయింది. నేను ముడిని చూసుకుంటూ ఉన్నాను, మందు లోపల కరిగిపోతూ ఉంది.

నీళ్లయిన మందు ఒంపుకుంటే పనికొస్తుంది. బకెట్లోకి ఒంపాం. గుడ్డపీలికను తిరుపాలమ్మ తొట్టి గట్టు మీద ఆరేసింది.

అక్టోబరు 4

రెండు తొట్లు. ఒకదాంట్లో పొట్టు మందు నీళ్లలో నానుతోంది. రెండోదాంట్లో ఉత్త నీళ్లలో. అదే లారీ పొట్టు రెండూ.

అక్టోబరు 7

మందు నీళ్లు వంచేసి, కడిగి, ట్రేలు నింపాం. టమాటా గింజ. రెండు వైపులా తిరుపాలమ్మ చేత్తోనే పోయించాను. ఎడమ వైపు మందు నీళ్లలో నానినవి. కుడి వైపు ఉత్త నీళ్లవి.

"కుడి పక్కవి పాపం," అంది ఆమె గింజ వేస్తూ. "తెలిసి తెలిసి సంపేది."

అక్టోబరు 29

తేడా తెలుస్తోంది. సంతోషించాల్సింది. కుడి వైపు ఆకుల్ని చూస్తే ఆగస్టు ఆకులే. ఇన్నాళ్లూ వీటిని ఎండ అన్నాను, పురుగు అన్నాను.

సంజీవయ్య కాలువ కింద మడిలో టమాటా పెట్టాలనుకుంటున్నాడు. ఇంట్లో ఆమెను కూడా తీసుకుని రమ్మని కబురు చేశాను.

నవంబరు 6

వచ్చారు. ఇద్దరినీ రెండు వరసల మధ్యకు తీసుకుపోయాను.

"ఒకే గింజ. ఒకే రోజు పోసినవి. ఒక్క చేత్తోనే," అన్నాను.

"ఎవురి చెయ్యి?" అంది రామసుబ్బమ్మ.

"తిరుపాలమ్మది."

రామసుబ్బమ్మ ఆ చివర దాకా నడిచి వెనక్కి వచ్చింది. కుడి వైపు నుంచి ఒక మొక్క లాగి వేరు చూసింది. ఎడమ వైపు నుంచి ఒకటి లాగింది. అది తెల్లటి వేర్లతో, ట్రే గుంత ఆకారంలోనే పొట్టును పట్టుకుని వచ్చింది. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

"ఈ మాడిపోయినేటివి ఏందన్నా?"

"పొట్టు మందులో నానబెట్టకుండా పోసినవి. ఆగస్టులో మీకు ఇచ్చింది ఇదే."

"ఎందుకు నానేయల్యా?" అన్నాడు సంజీవయ్య. ఈసారి నవ్వలేదు.

చెప్పాను. మూట, ముడి, చీర అంచు. ట్రే తిరుపాలమ్మ చేత ఎందుకు ఇప్పించానో అది కూడా. రెండోసారి నారు ఎక్కడ కొన్నానో, ఏ ట్రేల్లోకి మార్చానో. గొంతు తగ్గించలేదు. తిరుపాలమ్మ తొట్టి దగ్గర నిలబడి వింటోంది.

సంజీవయ్య తువ్వాలు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "నీ మాట మీద ఊరికంతా నారు తెప్పిస్తి," అన్నాడు. అంతే. పోయేదాకా మళ్లీ నన్ను అన్నా అని పిలవలేదు.

రామసుబ్బమ్మ తిరుపాలమ్మ వైపు నడిచింది. దగ్గరకు పోయి ఏమనాలో తెలియనట్టు ఆగింది. చివరకు, "నారు ఇయ్యి తిరుపాలమ్మా," అంది.

తిరుపాలమ్మ కదల్లేదు. "నేనియ్యను."

"ఏందే?"

"మొదటిది సార్ ఇయ్యల్ల. ఆ పొద్దు గూడ ఆయన ఇయ్యాల్సిందే."

వెక్కిరిస్తోందేమోనని చూశాను. లేదు.

ఎడమ వైపు నుంచి ఒక ట్రే తీశాను. పసుపు కుంకుమలు లేవు. రామసుబ్బమ్మ ఎదురుగా నిలబడింది. చేతులు కొంగు కింద ఉన్నాయి. అవి బయటికి రాలేదు. ఆమె నా చేతుల వైపు చూస్తోంది. ట్రే వైపు కాదు, చేతుల వైపు. నాగవేణి పోయాక ఈ చేతుల్ని అలా అనుమానంగా చూసిన మనిషి లేదు.

తిరుపాలమ్మ మమ్మల్నిద్దరినీ చూస్తోంది.

ట్రే బరువెక్కింది. దించలేదు. పట్టుకునే నిలబడ్డాను.

తర్వాత రామసుబ్బమ్మ తీసుకుంది.

నవంబరు 7

ఉయ్యాలవాడ నుంచి ఇంకెవరూ నారుకు రాలేదు. వస్తారనుకోలేదు.

కుడి వైపు ట్రేలు దిబ్బలో పారేశాను.

నవంబరు 9

తిరుపాలమ్మ పనికి రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఒంట్లో బాగాలేదేమోనని వాళ్ల వీధికి పోయాను. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటి ముసలామె చాటలో బియ్యం ఏరుతోంది.

"టమాటా నాట్లకు పాయె," అంది. "తెల్లారక ముందే ట్రాక్టరు వచ్చె. ఉయ్యాలవాడామె ఆమే వచ్చి తలుపు కొట్టె. ఈ యమ్మేమో, నేను రాను పో అనె. ఇద్దరూ ఈడ నిలబడి సేపు కొట్లాడిరి. మళ్ల ఎక్కి పాయె."

"ఏమని కొట్లాడారు?"

"నాకేం తెల్సు నాయనా. నాకు సెవుడు."

తిరిగి వచ్చాను. నంద్యాల నుంచి తెచ్చిన కొత్త మూట విప్పి, కొలిచి, వంకాయ నారు కోసం పొట్టు నేనే నానబెట్టాను. మూట మళ్లీ కట్టాలి. తొట్టి గట్టు మీద ఆకుపచ్చ పీలిక ఎండకు వెలిసిపోయి ఉంది. దాంతోనే కట్టబోయాను.

సంచి మెలి తిరిగి జారిపోతూనే ఉంది. మొదటి ముడి వేసి బొటనవేలితో అదిమాను. ఒక కొస పళ్లతో పట్టుకున్నాను. బొటనవేలు తీస్తే గానీ రెండో ముడి పడదు. తీస్తే మొదటిది వదులవుతోంది. చాలాసార్లు చూశాను.

చివరకు వదులుగానే కట్టి పెట్టాను.

రేపు కూడా ఆమెకు ఉయ్యాలవాడలో నాట్లేనట.